లుసంగే రకం

సివెమా ఇంట్లో కోడి లేదు. మొరొగోరో ఊరి చివర, ఉలుగురు కొండల పాదాన ఉన్న వాళ్ళ వీధిలో ఏ వాకిలి చూసినా నాలుగు కోళ్ళు మట్టి గీరుకుంటూ కనిపిస్తాయి. ఆమె వాకిట్లో మాత్రం ఊడ్చిన నేల ఊడ్చినట్టే ఉంటుంది. పక్కింటి పుంజు గోడెక్కినా చీపురు పుచ్చుకుని అదిలిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడకి కోళ్ళంటే గిట్టదేమో అనుకుంటారు. నిజానికి పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం నాలుగుదాకా ఆమె బతుకంతా కోళ్ళతోనే.

పశువుల జబ్బుల మీద పనిచేసే ఒక పరిశోధన కేంద్రంలో ఆమె పందొమ్మిదేళ్ళుగా కోళ్ళ గది చూస్తోంది. దారెస్సలాం నుంచి నిన్ననే గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు అట్టపెట్టెల్లో కిచకిచమంటూ వస్తాయి. బయటి మట్టి తగలకుండా, ఉడకబెట్టిన నీళ్ళూ కాచిన మేతా పెట్టి వాటిని మూడు వారాలు కన్నబిడ్డల్లా పెంచుతుంది. ఆ తర్వాత తన చేత్తోనే వాటి గొంతులో రక్తపారుడు జబ్బు పోస్తుంది.

కంటికి కనపడని పురుగు అది. పిల్ల పేగులో దూరి, ఒకటి వెయ్యి, వెయ్యి లక్ష అవుతుంది. ఆరో రోజుకి రెట్టలో నెత్తురు పడుతుంది. ఆ రెట్టని సివెమా ఎత్తి, జల్లెడపట్టి, ఉప్పునీళ్ళలో తేర్చి, పురుగు పెట్టిన గుడ్లని నారింజ రంగు మందునీళ్ళ సీసాల్లో దాస్తుంది. సీసాలో అవి కలకాలం బతకవు. నాలుగైదు నెలలకోసారి మళ్ళీ కొత్త పిల్లలకి పోసి మళ్ళీ ఎత్తుకోవాలి. అలా నాలుగు రకాల పురుగుని ఆమె ఇన్నేళ్ళూ ప్రాణంతో నిలబెట్టింది. ఆమె భర్త కోండో బస్సుల షెడ్డులో మెకానిక్కు. "నేను చచ్చిన ఇంజన్లు బతికిస్తాను, మా ఆవిడ జబ్బుల్ని బతికిస్తుంది," అని నలుగురిలోనూ అంటూ ఉంటాడు.

ఆ ఉద్యోగానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. గదిలోంచి బయటికొచ్చేటప్పుడు రెండుసార్లు స్నానం. లోపలి చెప్పులు లోపలే. ఇంట్లో కోడి, బాతు, పావురం ఏదీ ఉండకూడదు. కోళ్ళున్న వాకిట్లో అడుగుపెట్టాలంటే పని వదిలి మూడు రోజులు గడవాలి. ఎందుకంటే ఆ పురుగు గుడ్డు గోటి సందులో పడుతుంది, చెప్పు అడుగున పడుతుంది, తడి నేలలో పడితే ఏడాదైనా చావదు. సివెమా ఈ కట్టుబాట్లని ఉపవాసాలంత నిష్ఠగా పాటించింది. పెళ్ళిళ్ళకీ చావులకీ ఆలస్యంగా వెళ్ళి మాటలు పడింది.

అందరికంటే ఎక్కువ మాటలు అనేది చెల్లెలు హిదాయా.

హిదాయా ఉండేది కొండ మీద లుసంగే అనే పల్లెలో. అక్కకంటే ఏడేళ్ళు చిన్న. మొగుడు పోయాక, అరటితోటల మధ్య నిటారుగా ఉన్న ముక్కలో రేకుల షెడ్డు వేసి, మహిళా సంఘం తరఫున నూట అరవై కోడిపిల్లల్ని తెచ్చి పెంచింది. అవి బాగా వచ్చాయి. రెండోసారీ బాగా వచ్చాయి. ఊళ్ళో ఆమెని కోళ్ళ హిదాయా అనడం మొదలుపెట్టారు. అక్క ఏటా రెండుసార్లు, సెలవు పెట్టి, మూడు రోజులు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాతే కొండెక్కి వచ్చేది.

"వచ్చావా మహారాణీ! మైల తీరిందా?" అని హిదాయా గుమ్మంలోనే అందుకునేది. "మా అక్క తెల్లకోటు కోళ్ళకి తల్లి. మా పల్లెటూరి కోళ్ళకి మాత్రం చుట్టం కూడా కాదు."

"నీ నోటికి ఆ అరటి బోదె అడ్డం పెట్టాలే," అని సివెమా నవ్వేది.

కేంద్రంలో డాక్టర్ అతుగానిలే చేరి అప్పటికి మూడేళ్ళు. క్యేలా వరిపొలాల వైపు మనిషి. వయసు ముప్పై అయిదు దాటలేదు. ఈ పురుగుకి టీకా కనిపెట్టడం ఆమె పని. బతికున్న పురుగునే కొద్దికొద్దిగా తాగించే టీకాలు బయటి దేశాల్లో ఉన్నాయి. అవి చల్లటి పెట్టెలో రావాలి, ఒక్కో సీసా వేల కోళ్ళకి సరిపడా ఉంటుంది. కొండ మీద నూరు నూటయాభై పెంచుకునేవాళ్ళకి అది అందే వస్తువు కాదు. అందుకని పురుగు ఒంట్లోంచి ఒకే ఒక్క ముక్కని ఎంచి, దాన్ని విడిగా తయారుచేసి, ఆ ముక్కతోనే కోడి ఒంటికి శత్రువు ఆనవాలు నేర్పాలని ఆమె ప్రయత్నం.

"ఏ ముక్క అన్నదే తేలడం లేదు, జాబిరి వాళ్ళమ్మా," అంది ఒకరోజు టీ తాగుతూ. సివెమా పెద్దకొడుకు పేరు జాబిరి. కేంద్రంలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. "దొంగని పట్టుకోవాలంటే గుర్తు కావాలా? చొక్కా గుర్తుపెట్టుకుంటే ఏం లాభం, రేపు ఇంకో చొక్కా వేసుకొస్తాడు. ముక్కు మార్చుకోలేడుగా. ఈ పురుగుకి ముక్కేదో తెలియాలి."

"ఎన్ని ఉన్నాయి డాక్టరమ్మా చూడాల్సినవి?"

"ఎనిమిది వేలు."

"ఎనిమిది వేల ముక్కులా! ఇంకేం, జలుబు చేస్తే చచ్చిపోతుంది," అని సివెమా అనేసరికి డాక్టరమ్మకి టీ పొలమారింది.

మూడేళ్ళలో ఆ ఎనిమిది వేలు రెండుకి వచ్చాయి. ఆ రెండింటిలోనూ ఒకటి గట్టిదని తేలింది. కేంద్రంలో ఉన్న నాలుగు రకాల పురుగులోనూ ఆ ముక్క అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంది. వానలు తగ్గగానే కోళ్ళ మీద పరీక్ష పెట్టాలనుకున్నారు.

ఏప్రిల్ నెల. పెద్ద వానల కాలం. ఆ రోజు గదిలో ఒక పెట్టెడు పిల్లలకి జబ్బు పోసి ఆరో రోజు. సివెమా మోచేతులదాకా రెట్టలో ఉంది. పదకొండు గంటలకి బయట వరండాలో ఫోను మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది. కాపలాదారు కిటికీ అద్దం కొట్టి పిలిచాడు.

హిదాయా ఏడుస్తోంది. కూతురు చౌసికుకి తెల్లవారుజాము నుంచి నొప్పులు. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. ఊళ్ళో పురుడు పోసే ముసలమ్మ మొన్నే కిందికి దిగిపోయింది.

"అక్కా, నువ్వు రావాలి. అమ్మ చేతిపని నీకొక్కదానికే వచ్చు."

వాళ్ళమ్మ మంత్రసాని. సివెమా పదిహేనేళ్ళు రాకముందే ఆమె వెంట సంచీ మోస్తూ ఆ పని నేర్చింది. తన చేతుల మీదుగా పదకొండు కాన్పులు చేసింది. కట్టుబాటు గుర్తురాలేదని కాదు. గుర్తొచ్చింది. మూడు రోజుల తర్వాత వస్తానని పురిటినొప్పులతో ఎవరు చెప్తారు? స్నానాల గదిలో దూరి గబగబా ఒక్కసారి పోసుకుంది. బట్టలు మార్చుకుంది. బాడుగ మోటారుసైకిలు మీద విరిగిన చరియదాకా వెళ్ళి, అక్కణ్ణించి బురదలో గంటన్నర నడిచింది.

బిడ్డ మెడకి పేగు చుట్టుకుని ఉంది. సివెమా రెండు వేళ్ళతో పేగుని వదులుచేసి తలమీదుగా తప్పించింది. బయటపడ్డాక కాసేపు ఏడుపు లేదు. కాళ్ళు పట్టి వీపు రుద్దింది, నోట్లో వేలుపెట్టి తుడిచింది. మూడోసారి రుద్దినప్పుడు ఆడపిల్ల కయ్యిమంది. బయట వానలో నిలబడ్డ ఆడవాళ్ళందరూ నాలుక ఆడిస్తూ సంతోషంతో కూతలు పెట్టారు.

"నీ పేరే పెడతానక్కా," అంది హిదాయా, అక్క చెయ్యి వదలకుండా. "ఇంకో పేరు పెడితే నన్ను కొట్టు."

నెత్తుటి గుడ్డలు ఉతకడానికి సివెమా వాకిట్లో రాతి పక్కన కూర్చుంది. కోళ్ళషెడ్డు అక్కడే. నాలుగు వారాల పిల్లలు కంచె సందుల్లోంచి దూరి వచ్చి ఆమె పాదాల చుట్టూ తడిమట్టి పొడుచుకుతిన్నాయి. ఒకటి ఆమె చెప్పు వారునీ పొడిచింది. ఆమె దాన్ని తోలింది కానీ అప్పుడు మనసంతా ఇంట్లో ఉన్న పసిగుడ్డు మీదే ఉంది.

ఏడో రోజు పొద్దున్నే హిదాయా మళ్ళీ ఫోను చేసింది. పిల్లలు మేత ముట్టడం లేదట. రెక్కలు జారేసి, మెడలు లోపలికి లాక్కుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడుతున్నాయట.

"రెట్ట ఎలా ఉంది?" అని అడిగింది సివెమా.

"కింద ఊక ఎర్రగా ఉందక్కా."

సివెమా వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తను కొండెక్కిన రోజు నుంచి ఈ రోజుకి సరిగ్గా జబ్బు కాసే గడువు. పందొమ్మిదేళ్ళు చేసిన లెక్క అది, తప్పే వీల్లేదు. ఆ రోజు గేటు దగ్గర చెప్పులు మార్చుకున్నానా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. గేటు గుర్తొస్తోంది, మోటారుసైకిలు గుర్తొస్తోంది, నడుమ పాదాలకి ఏం వేసుకుందో మాత్రం గుర్తుకు రావడం లేదు. బయటికి వేసుకెళ్ళే పాత చెప్పులు ఒక జత గేటు దగ్గరే ఉంటాయి. లోపలివీ అలాంటివే, అదే నీలం రంగు.

ఆమె వెళ్ళేసరికి షెడ్డు ముందు చచ్చిన పిల్లలు అరటాకుల మీద వరసగా ఉన్నాయి. హిదాయా మందుల కొట్టునుంచి పొడి తెప్పించి నీళ్ళలో కలిపి పెట్టింది. ఆ పొడి ఈ పురుగు మీద ఏనాడో పట్టు పోగొట్టుకుంది. సివెమాకి ఆ సంగతి తెలుసు. అయినా తొట్టెలు కడిగి మళ్ళీ అదే కలిపింది. తడి ఊకంతా ఎత్తి పోసింది. బెల్లం నీళ్ళు పట్టించింది. ఏం చేస్తున్నా ఆ చేతులకి ఇంక పనేమీ లేదని లోపల తెలుస్తూనే ఉంది. తాను పట్టుకున్న పిల్ల తన అరచేతిలోనే మెడ వాల్చింది.

"జబ్బులు పెంచే దానివి, జబ్బు ఎలా తగ్గించాలో తెలియదా?" అంది హిదాయా. మొదట మెల్లగానే అంది. తర్వాత గొంతు లేచింది. "పందొమ్మిదేళ్ళు! పందొమ్మిదేళ్ళు ఆ గదిలో ఏం చేశావ్? మా ఊళ్ళో ఎన్నడూ లేదు ఈ రోగం. నువ్వొచ్చావు, అదీ వచ్చింది. నీ కాళ్ళతో తెచ్చావు."

"హిదాయా..."

"కాదని చెప్పు. కాదని ఒక్క మాట చెప్పు, ఊరుకుంటాను."

సివెమా కళ్ళు తన చెప్పుల మీదికి పోయాయి. లోపల బాలింత ఒళ్ళో బిడ్డ ఏడ్చింది. ఇద్దరూ అటు చూశారు కానీ ఎవరూ లేవలేదు.

ఈసారి తెచ్చిన నూట అరవైలో ముప్పై ఒకటి మిగిలాయి. బిడ్డకి నీమా అని పేరు పెట్టారని సివెమాకి తర్వాత ఎవరో చెప్పగా తెలిసింది.

కొండ దిగేటప్పుడు ఆమె చచ్చిన పిల్లల పేగుల్లోంచి తీసిన నెత్తుటి ముద్దని ఒక మూత బిగించిన సీసాలో పెట్టుకుని తెచ్చింది. నేరుగా డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, కట్టుబాటు తప్పిన సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఉద్యోగం పోతుందనే అనుకుంది.

డాక్టరమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెలిసేది కదమ్మా."

"పురిటికి వెళ్ళినదాన్ని నేనేమంటాను? కానీ ఇకమీదట..." అని ఆగిపోయింది. తర్వాత కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చింది. "చూడు, ఇది మన గదిలోదో, ఆ ఊరిదో చెప్పొచ్చు. మన నాలుగు రకాల జన్యువుల రాత మన దగ్గరుంది. దీని రాత చదివించి పక్కన పెడితే తెలిసిపోతుంది. ఇక్కడ ఆ యంత్రం లేదు, బయటికి పంపాలి. అనుమతులకే నెలలు పడతాయి."

"ఎన్ని నెలలైనా ఫరవాలేదు," అంది సివెమా.

చదివించాలంటే ఆ పురుగు ఇంకా చాలా కావాలి. పెంచాల్సింది సివెమాయే. కొత్తగా వచ్చిన శుభ్రమైన పిల్లల్లో పదింటిని పక్కన పెట్టి, చెల్లెలి షెడ్డుని ఊడ్చేసిన జబ్బుని తన చేత్తో వాటి గొంతుల్లో పోసింది. అంతకుముందు ఎన్ని వేలసార్లు చేసిందో ఆ పని. ఆ రోజు మాత్రం ఒక్కో పిల్ల ముక్కు తెరిచే ముందు ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది. ఆరో రోజు అవి కూడా అలాగే రెక్కలు జారేసి నిలబడ్డాయి. ఎత్తిన గుడ్లని రెండు సీసాల్లో పోసింది. ఒకటి బయటికి వెళ్ళింది. రెండోదాని మీద డాక్టరమ్మ 'లుసంగే' అని రాసి అంటించింది.

సివెమాకి ఆ నెలలు గడవడం గగనమైంది. హిదాయా ఫోను ఎత్తలేదు. కోండో రెండుసార్లు కొండెక్కి పాపని చూసొచ్చాడు. "బొద్దుగా ఉందే. నీ ముక్కే," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక రెండుసార్లు కాదు, మూడుసార్లు స్నానం చేసేది. నీలం చెప్పులు పారేసి ఆకుపచ్చవి కొంది. పోనీ అంత జరిగాక తెలిసినా ఏమవుతుంది అని ఒక పక్క అనిపించేది. అయినా రోజూ టపా గది దగ్గర ఆగేది.

ఆగస్టులో టీకా పరీక్ష మొదలైంది. నూరు పిల్లలు, అయిదు గుంపులు, గుంపుకి ఇరవై. ఒక్కో గుంపులో సగానికి టీకా, సగానికి ఉత్త నీళ్ళు. మొదటి నాలుగు గుంపులకి కేంద్రంలోని నాలుగు రకాలు. అయిదో గుంపుకి లుసంగే సీసాలోది పోద్దామంది డాక్టరమ్మ. "నాలుగూ మన ఇంట్లో పుట్టి పెరిగిన దొంగలు. ఒకణ్ణయినా బయటివాణ్ణి చూడాలి."

సివెమా ఆ నూటినీ కంటికి రెప్పలా చూసింది. రెండుసార్లు సూది వేయించింది. రొమ్ము మీద చెయ్యి పెట్టి బరువు చెప్పగలిగేది. టీకా వేసిన పిల్లలు చురుగ్గా ఉన్నాయని ఆమెకి అనిపించింది, కానీ ఆశ మాటల్ని నోటితో అనకూడదని ఊరుకుంది. జబ్బు పోసిన ఏడో రోజు ఒక్కోదాన్నీ కోసి పేగు విప్పి చూడాలి. దెబ్బ ఏమీ లేకపోతే సున్నా, పేగంతా నెత్తురైతే నాలుగు. ఆమె కోస్తుంటే డాక్టరమ్మ రాసుకుంటోంది. అన్నేళ్ళ అనుభవం కనక అంకె సివెమాయే పైకి చెప్పేది.

మొదటి గుంపు, టీకా వేసినవి. "సున్నా. ఒకటి. సున్నా. సున్నా." ఉత్త నీళ్ళవి మూడులూ నాలుగులూ వచ్చాయి. రెండో గుంపూ అంతే. మూడోదీ అంతే. నాలుగో గుంపు అయ్యేసరికి ఆమె నిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "జాబిరి వాళ్ళమ్మా, ముక్కు దొరికింది, ముక్కు!" అని పిల్లలా గెంతింది. సివెమాకి కళ్ళు చెమర్చాయి. సగం ఆ సంతోషానికి, సగం చెల్లెలి షెడ్డు గుర్తొచ్చి.

అయిదో గుంపు, టీకా వేసిన మొదటి పిల్లని తీసుకుంది. కత్తెర పెట్టగానే తెలిసిపోయింది. పేగు నల్లగా ఉబ్బి ఉంది. చీల్చగానే నెత్తురు గడ్డ జారి పళ్ళెంలో పడింది.

"నాలుగు," అంది.

రెండోది మూడు. తర్వాతది నాలుగు. ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. ఎనిమిదోదానికి అంకె చెప్పకుండా పేగుని డాక్టరమ్మ వైపు తిప్పి చూపించింది. ఆవిడ రాసుకుంది. పది పూర్తయ్యాక ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. నీళ్ళు ఎర్రగా పోయి, గులాబీ రంగులో పోయి, తేటగా పోతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు.

నవంబరులో జవాబు వచ్చింది. డాక్టరమ్మ సివెమాని గదికి పిలిచి తలుపు వేసింది.

"నీది కాదు," అంది. "మన నాలుగింటిలో దేనితోనూ దీని రాత కలవలేదు. దగ్గరగా కూడా లేదు. ఇది ఆ కొండదే. ఎన్నేళ్ళ నుంచో ఆ మట్టిలో ఉండి ఉంటుంది. వానలకి ఊక తడిసింది, లేచింది. నువ్వు తీసుకెళ్ళలేదు జాబిరి వాళ్ళమ్మా."

సివెమా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఏడు నెలలుగా గుండెలమీద ఉన్న బండ ఎవరో ఎత్తినట్టయింది. ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరమ్మ ఆమె వీపు నిమిరింది. కానీ తల ఎత్తి చూసేసరికి ఆవిడ ముఖంలో సంతోషం లేదు.

"ఏమైందమ్మా?"

"అదే కాగితంలో ఇదీ ఉంది." డాక్టరమ్మ వేలు పెట్టి ఒక వరస చూపించింది. సివెమాకి ఆ అక్షరాలు ఏమీ అర్థం కాలేదు. "మనం ముక్కు అనుకున్నామే, దాని మీదే తేడా ఉంది. లుసంగేదానికి అది వేరేగా ఉంది. అంటే అది ముక్కు కాదు. చొక్కాయే. మన నాలుగూ ఒకే చొక్కా తొడుక్కున్నాయి, అంతే."

సివెమాకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తను తెచ్చిన జబ్బే అయ్యుంటే, టీకా దానిమీద పనిచేసి ఉండేది. తనది కాదు కాబట్టే పనిచేయలేదు. తప్పు తనది కాదన్న మాటా, మందు దొరకలేదన్న మాటా రెండూ ఒకే కాగితం మీద, ఒకే వరసలో ఉన్నాయి.

"నాదే అయ్యుంటే బాగుండేదా డాక్టరమ్మా?" అని అడిగింది.

డాక్టరమ్మ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టింది. "ఇంకొకటి ఉందిగా, రెండోది. దాన్ని మొదలుపెడదాం. ఈసారి ముందు లుసంగేతోనే," అంది. చెప్పే తీరులో ఓపికే ఉంది కానీ నమ్మకం లేదు.

సివెమా సెలవు పెట్టింది. మూడు రోజులు ఇంట్లో కదలకుండా కూర్చుంది. నాలుగో రోజు కొత్త చెప్పులు వేసుకుని, కాగితం నకలు మడిచి జాకెట్లో పెట్టుకుని కొండెక్కింది. దారంతా ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కుంది.

హిదాయా వాకిట్లో కర్రపెండలం తొక్క తీస్తోంది. అక్కని చూసి కత్తి పక్కన పెట్టింది. ముఖం తిప్పుకోలేదు. "ఎండలో వచ్చావు, నీళ్ళు తాగు," అంది. చాప మీదినుంచి పాకుతూ వచ్చిన నీమా సివెమా కాలివేలు పట్టుకుంది. సివెమా కాగితం తీసి, నిలబడే, ఊపిరి తిరగకుండా అంతా చెప్పేసింది.

హిదాయా విని, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"దేని గురించక్కా ఇదంతా?"

"నువ్వన్నావుగా. నా కాళ్ళతో తెచ్చానని."

"అన్నానా?" అని ఆలోచించింది హిదాయా. "అనే ఉంటాను. ఆ రోజు దేవుణ్ణి కూడా నాలుగు తిట్టాను, ఆయనేం కాగితాలు తేలేదు. పిచ్చిదానా, ఏడు నెలలు అది మోసుకు తిరిగావా? ఫోను ఎత్తకపోవడం కోపంతో కాదు. చౌసికు నీళ్ళబిందెలో పడేసింది ఆ ఫోను. ఈ మధ్యే ఇంకోటి తెచ్చాడు అల్లుడు."

సివెమా చాప మీద కూలబడి పాపని ఒళ్ళోకి తీసుకుంది.

"సరేగానీ," అంది హిదాయా పక్కన కూర్చుంటూ, "మందు దొరికిందా?"

"దొరికింది. నాలుగు రకాల మీద పనిచేస్తోంది. మీ ఊరిదాని మీద చేయలేదు."

"మా ఊరి పురుగు కూడా మాలాగే మొండిదన్నమాట," అని హిదాయా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది. "అందరికీ పనికొచ్చేది మాకే పనికిరాదా అక్కా?"

అంతలో సివెమాకి వెనకనుంచి కిచకిచలు వినిపించాయి. తల తిప్పింది. పాత షెడ్డులోనే, అదే చోట, ఎనభై పిల్లలు. వచ్చి తొమ్మిది రోజులైందట.

"ఇక్కడెందుకు పెట్టావే! ఈ మట్టిలో ఏడాదిదాకా చావదని చెప్పలేదూ?"

"ఎక్కడ పెట్టను? చూడు, ఎటు చూసినా వాలే. ఇంత చదును ముక్క ఇదొక్కటే. కొండని ఒరిగించమంటావా? ఊరికే కూర్చోమంటావా?"

సివెమా పాపని లోపలున్న చౌసికుకి ఇచ్చి, కాంగా నడుముకి బిగించింది. అక్కచెల్లెళ్ళిద్దరూ సాయంత్రందాకా షెడ్డు నేలని జానెడు లోతు చెక్కి, తట్టలతో లోయలో పోశారు. సున్నం చల్లారు. కుండలతో మరిగే నీళ్ళు పోశారు. కొత్త ఊక పరిచారు. తొట్టెలు రాళ్ళ మీదికి ఎత్తి కట్టారు. ఇలా చేస్తే కొంత తగ్గుతుందని సివెమా చెప్పింది. ఎంత తగ్గుతుందని హిదాయా అడగలేదు. దిగేటప్పుడు ఒక అరటిగెల భుజాన పెట్టి పంపింది.

మూడు వారాలు గడిచాయి. కేంద్రంలో రెండో ముక్కతో పరీక్షకి సివెమా కొత్త పిల్లల్ని పెంచుతోంది. లుసంగే సీసాకి మళ్ళీ ప్రాణం పోయాల్సిన సమయం కూడా వచ్చింది. ఆ పొద్దున్న టీ వేళకి హిదాయా ఫోను చేసింది.

"పాపకి కింద పన్ను వచ్చిందక్కా. అన్నీ కొరుకుతోంది."

"అప్పుడే! కొరికితే చెక్క గరిటె ఇవ్వు, వేలు ఇవ్వకు."

చెల్లెలి మాట వెనక పిల్లల చప్పుడు వినిపించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చిటపటమంటాయి. ఇది అది కాదు. ఒకే సన్నటి గొంతు, సాగదీసినట్టు, ఆగి ఆగి. ఆ చప్పుడు సివెమాకి పందొమ్మిదేళ్ళుగా ఆరో రోజు పొద్దున్నే వినిపించే చప్పుడు. హిదాయా ఆ మాట ఎత్తలేదు. ఆమె అడగలేదు. ఇద్దరూ పాప పన్ను గురించి, వానల గురించి, అరటిపిలకల గురించి టీ చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు.

ఎనభైలో ఇరవై రెండు మిగిలాయి. అవి పెరిగి పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక, సివెమా సెలవు మీద వెళ్ళినప్పుడు, హిదాయా వాటికి గింజలు చల్లుతూ అడిగింది:

"అదే మట్టి, అదే పురుగు. ఇప్పుడు వీటికి ఏమీ కావడం లేదు. వీటికి ఎవరు వేశారక్కా టీకా?"

"ఆ జబ్బే వేసింది," అంది సివెమా. "చావకుండా మిగిలినవాటికి ఆ పురుగు ముక్కు ఏదో తెలిసిపోతుంది."

"అయితే వీటినే అడగొచ్చుగా మీ డాక్టరమ్మ?"

"అడుగుతూనే ఉందే," అంది సివెమా. "చెప్పడం లేదు."